పాత నగలు: బాగుచేత, బేరము, ధర్మము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు పచ్చడి తిని, పంచాంగములో ఆదాయ వ్యయములు వినుట మన ఆచారము. వ్యయము అన్న మాట చెవిన పడగానే మా వల్లూరులో ఆడవారి చేయి తెలియకుండానే మెడ మీదికో చెవి మీదికో పోయేది. మా సీమలో ఏ కష్టము వచ్చినా మొదటి దెబ్బ నగ మీదనే పడేది. అందుచేత ఈ పండుగపూట పాత నగలను బాగుచేసి మరల అమ్ముటను గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాము. ఇది అంగడి ముచ్చటవలె కనిపించినా ఇంటి ముచ్చటే.

మా వల్లూరు కర్ణాటకములో తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని ఊరు. పటములో కన్నడ సీమ. పొలిమేర దాటితే ఆంధ్ర సీమ. ఇంట తెలుగు, బడిలో కన్నడము, సంతలో రెండూ. వేరుసెనగ వేసి ఆకాశము వంక చూచుట మా పెద్దల సేద్యము. వాన తప్పితే బోరు, బోరు ఎండితే మరొక బోరు, దానికి డబ్బు కావలెనంటే నగ. నగ మొదట కుదువకు పోయేది, వడ్డీ పెరిగిన తర్వాత అమ్మకానికి పోయేది. ఆ వెనుక మనుషులము బెంగుళూరు బస్సెక్కినాము. ఇక్కడ కూర్చున్న మనలో చాలమంది ఇంటి కథ ఇదే కదా!

ఆ ఎండే ఇప్పుడు మా ఊరికి పేరు తెచ్చినది. వల్లూరు, తిరుమణి, బాలసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు, ఈ ఐదు ఊళ్ళ పొలాలలో సుమారు 13,000 ఎకరములలో పావగడ సౌర విద్యుత్ పార్కు వెలసినది. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్ల పూర్తి సామర్థ్యమునకు చేరినది. భూమిని రైతుల నుండి కొనలేదు, కౌలుకు తీసికొన్నారు. మొదట ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకొకసారి నూటికి 5 వంతు పెంపు అని ఒప్పందము. భూమి ఉన్న ఇంటికి ఏటేటా కొంత ఆదరువు దొరికినది. భూమి లేని కూలివానికి కౌలు లేదు. అటువంటి ఇంట ఈనాటికీ చెవి కమ్మే బ్యాంకు. కనుక ఆ కమ్మకు న్యాయమైన వెల వచ్చుట, రాకపోవుట చిన్న సంగతి కాదు.

మన పాత నగలు ఇప్పుడు అరుదు కావడానికి చరిత్రలో కారణములు ఉన్నవి. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణమును విడిచిపెట్టినది. రూపాయలలో బంగారము ధర పెరిగినది, పంటల ధర మాత్రము పడిపోయి ఉన్నది. అప్పుల పాలైన రైతులు నగలు అమ్ముకొన్నారు. ఆ బంగారము కరిగి కడ్డీలై ఓడలెక్కి పోయినది. రెండవ దెబ్బ 1963 జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు. 14 క్యారట్లకు మించిన కొత్త నగ చేయరాదన్నారు. ఎన్నో తరములుగా మేలిమి పనికి అలవాటుపడిన ఆచారుల కుంపట్లు చల్లారినవి. బ్రతుకు తెరువు పోయి ప్రాణములు తీసుకొన్నవారు కూడ ఉన్నారు. ఆ ఏడే నిబంధన సడలించి, ఇంటివారు తెచ్చిన పాత నగను అదే వన్నెలో మరల చేసి ఇచ్చుటకు ఆచారులకు అనుమతి ఇచ్చినారు. 14 క్యారట్ల కట్టుబాటును 1966లో తీసివేసినారు. 1968లో చేసిన బంగారు నియంత్రణ చట్టము 1990లో రద్దయినది. అనగా ఆ కష్టకాలములో ఆచారి పొయ్యిలో నిప్పు నిలిపినది పాత నగయే. పాతదానిని బాగుచేయుట తక్కువ పని అని ఎవరైనా అంటే ఈ సంగతి జ్ఞాపకము చేయవలెను.

ఇక మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పెదము. సౌర పార్కు రాకముందు, బోరు ఎండిన ఒక ఏడు, మా అమ్మ తన ఏడురాళ్ళ కమ్మలు అమ్మదలచినది. ఒక కమ్మలో ఒక రాయి ఊడినది, రెండవదాని మర అరిగినది. పట్టణములో ఒక అంగడికి తీసికొనిపోయినాము. అంగడివారు త్రాసులో వేసి, "పాత సరుకు, కరిగించడానికి తప్ప పనికిరాదు. లక్కకూ రాళ్ళకూ ఇంత పోతుంది" అని కంటితోనే కొలిచి ఒక అంకె చెప్పినారు. రాళ్ళు విప్పి చూపమంటే సమయము లేదన్నారు. అమ్మ కమ్మలను కొంగున కట్టుకొని లేచి వచ్చినది.

తర్వాత మాకు తెలిసిన ఒక పెద్ద ఆచారి దగ్గరకు వెళ్ళినాము. ఆయన కమ్మలను వెలుతురుకు పట్టి చాలసేపు చూచి, మా ఎదుటనే రాళ్ళు విప్పి, లక్క తీసి, మూడింటినీ వేరువేరుగా తూచినారు. అంగడివారు చెప్పినదానికంటె బంగారము ఎక్కువే తేలినది. మాకు సంతోషమైనది. కాని ఆయన కమ్మ వెనుకభాగము చూపి అన్నారు:

"అమ్మా, ఇదో ఈడ పాత అతుకుండాది. ఎవురో వన్నె తక్కువ బంగారుతో అతికినారు. ఇది చెప్పి అమ్ముకోండి. చెప్పకుండా అమ్మితే రూపాయి వస్తాది, మాట పోతాది."

"ఏం జేసేదన్నా, చెప్తే వెల తగ్గుతాది కదా?" అన్నది అమ్మ.

"కొంచెం తగ్గుతాది. కరిగిస్తే పోయేదానికంటే తక్కువే తగ్గుతాది."

ఆయన తక్కువ వన్నె అతుకు తీసి కొత్తగా అతికి, మర మార్చి, ఊడిన రాతికి బదులు రాయి కూర్చి, మొత్తము వివరము ఒక చీటీ మీద వ్రాసి ఇచ్చినారు. మా బంధువుల ఇంట పెండ్లి ఉన్నది. పెండ్లికూతురి తల్లి ఆ చీటీ చదివించుకొని, కమ్మలు చేతిలో త్రిప్పి చూచి, బేరమాడి కొన్నది. కొత్త కమ్మలకయ్యే కూలి, తరుగు ఆమెకు మిగిలినవి. కరిగించిన వెలకంటె ఎక్కువ మా అమ్మకు వచ్చినది. ఆచారికి కూలి ముట్టినది. నగ నగగానే నిలిచినది. ఆ అమ్మాయి ఇప్పటికీ ఆ కమ్మలు పెట్టుకొని పెండ్లిళ్ళకు వచ్చినప్పుడు మా అమ్మ చూచి, "బాగుండాయి" అని మాత్రము అంటుంది. ఆ మాటలో వెలితి కొంత ఉన్నది, తృప్తియూ ఉన్నది.

ఆనాటినుండి మేము ఈ పనిని గమనించుచూ వచ్చినాము. తెలిసికొన్నంత మీ ముందుంచెదము.

మొదటిది తూకము. పాత చీటీలో తులము అని ఉంటే అది 11.66 గ్రాములు. నేటి అంగడిలో తులము అంటే 10 గ్రాములు. ఈ తేడా తెలియక అత్తాకోడళ్ళ నడుమ, అన్నదమ్ముల నడుమ తగవులు వచ్చును. సవరను అయితే 7.988 గ్రాములు, 22 క్యారట్లు. అందులో మేలిమి సుమారు 7.32 గ్రాములు. కాసులపేరులో ఉన్నవి నిజమైన సవరనులా, పలుచని రేకు మీద అచ్చు వేసిన బిళ్ళలా అన్నది ముందు చూడవలెను.

రెండవది వన్నె. ఒక జత కమ్మలు మొత్తము 12 గ్రాములు తూగినవనుకొందము. రాళ్ళు 2 గ్రాములు, లక్క ఒకటిన్నర గ్రాము పోగా బంగారము ఎనిమిదిన్నర గ్రాములు. అది 22 క్యారట్లయితే మేలిమి 7.79 గ్రాములు. 20 క్యారట్లయితే 7.08 గ్రాములు. అదే నగను కంటి అంచనాతో "రాళ్ళకూ లక్కకూ 5 గ్రాములు" అని తోసివేసి, వన్నె కూడ 20 అన్నారంటే మిగిలేది 5.83 గ్రాములే. ఒకే నగ, ఒకే త్రాసు. మాట మారితే ఇంచుమించు రెండు గ్రాముల మేలిమి మాయము. కూలినాలి చేసుకొను ఇంట రెండు గ్రాములంటే ఎన్ని నెలల కూడబెట్టుటో మీకు చెప్పనక్కరలేదు. కనుక రాళ్ళు విప్పించి తూచుట మర్యాద తక్కువ పని కాదు. విప్పిన రాళ్ళను అడిగి తెచ్చుకొనుటయూ మన హక్కే.

గీటురాయి మీద గీత గీసి వన్నె చెప్పుట ఆచారుల పాత విద్య. అది నగ పైభాగమును మాత్రమే చెప్పును. యంత్రముతో కిరణములు పంపి చూచు పరీక్ష కూడ పైపొరనే ఎక్కువగా చదువును. లోపలి అతుకుల సంగతి తెలియవలెనంటే అతుకు దగ్గర వేరుగా చూడవలెను. కొన్ని రసీదులలో వన్నె వ్రాయవలసిన చోట "కె.డి.ఎం." అని ఉండును. అది వన్నె పేరు కాదు, కాడ్మియము కలిపిన అతుకు పేరు. కాడ్మియము పొగ ఊపిరితిత్తులకు, మూత్రపిండములకు చేటు. ఆ పొగ పీల్చేది కుంపటి ముందు కూర్చున్న ఆచారి. చౌక అతుకు వేయమని మనము ఒత్తిడి చేసినప్పుడు ఆ చౌక ఎవరి ప్రాణమునుండి వచ్చుచున్నదో తలచుకోవలెను.

మూడవది బాగుచేత. మంచి పనివాడు మొదట నగను నిప్పు మీద పెట్టడు, చూచును. ఎక్కడ అరిగినది, ఎక్కడ చీలినది, ఏ రాయి కదలుచున్నది అని గుర్తు పెట్టుకొనును. తర్వాత రాళ్ళు విప్పి, లక్క తీసి, అప్పుడే వెలిగారము వేసి అతుకు పని చేయును. అతుకు బంగారము వన్నె నగ వన్నెకు ఎంత దగ్గరగా ఉంటే నగ వన్నె అంతగా నిలుచును. పని ముగిసిన తర్వాత లక్క నింపి, రాళ్ళు కూర్చి, మెరుగు పెట్టును. మెరుగు కూడ మితముగా ఉండవలెను. ప్రతి మెరుగుకూ కొంచెము బంగారము అరుగును, పాత చెక్కడపు గీతలు చెరుగును. అద్దమువలె మెరిసే పాత నగ కన్న, గీతలు నిలిచిన పాత నగయే విలువైనది.

ఇంటి దగ్గర మనము చేసే పొరపాట్లు కొన్ని ఉన్నవి. కమ్మలను, అడ్డికను సలసల కాగే నీళ్ళలో వేయరాదు. లక్క మెత్తబడి రాళ్ళు కదలును. వెనుక మూసి ఉన్న కట్టుబడిలో రాతి క్రింద తళుకు రేకు పెట్టి ఉండును. నీరు చేరితే రేకు నల్లబడి రాయి చచ్చినట్లు కనిపించును. ముత్యములకు, పగడములకు చింతపండు, నిమ్మరసము తగిలించరాదు; పులుపు వానిని తినివేయును. పచ్చలకు వేడి పనికిరాదు. గోరువెచ్చని నీట తడిపి పిండిన మెత్తని గుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టుట చాలును.

నాలుగవది రాళ్ళ సంగతి. "మా నాయనమ్మ నాటివి, కాబట్టి గని కెంపులే" అని మనము గొప్పగా చెప్పుకొందుము. ఫ్రాన్సులో వెర్నూయ్ అను శాస్త్రజ్ఞుడు మంటలో కరిగించి కెంపు చేయు పద్ధతిని 1902లో ప్రకటించినాడు. అటువంటి కెంపులు పోను పోను లోకమంతటా వ్యాపించినవి. రంగు గాజు రాళ్ళు అంతకు ముందే ఉన్నవి. నాయనమ్మను ఎవరో మోసగించినారని కాదు. నగ పాతదైనంత మాత్రమున రాయి గనినుండి వచ్చినదని చెప్పలేము, అంతే. పరీక్ష చేయించిన తర్వాతే ఆ మాట అనవలెను. తెలియనప్పుడు "ఎర్ర రాయి" అని వ్రాస్తే చాలును.

ఐదవది చట్టము. 2021 జూన్ 23 నుండి 256 జిల్లాలలో నగల వర్తకులు హాల్‌మార్కు ఉన్న బంగారు నగలే అమ్మవలెనని నిబంధన వచ్చినది; పిమ్మట మరికొన్ని జిల్లాలకు వ్యాపించినది. 2023 ఏప్రిల్ 1 నుండి ఆ ముద్రలో అక్షరములు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల సంఖ్య కూడ ఉండవలెను. 22 క్యారట్లకు 916 అని ముద్ర. రెండు గ్రాములలోపు నగలకు, కుందనపు పనికి, పోల్కీ, జడావు పనులకు మినహాయింపు ఉన్నది. ఇంటివారు తమ ముద్రలేని పాత నగను వర్తకునికి అమ్ముకొనుటకు అడ్డు లేదు. వర్తకుడు దానిని తిరిగి అమ్మునప్పుడే నిబంధన చూచుకోవలెను.

పన్ను మాటకు వస్తే, 2021 జూలైలో కర్ణాటకలోని జి.ఎస్.టి. ముందస్తు తీర్పుల సంస్థ ఒక వర్తకుని ప్రశ్నకు సమాధానము చెప్పినది. ఇంటివారి వద్ద కొన్న పాత నగను శుభ్రపరచి, మెరుగు పెట్టి, రూపము మార్చకుండా అమ్మితే, కొన్న వెలకూ అమ్మిన వెలకూ నడుమనున్న లాభము మీదనే పన్ను అని దాని సారాంశము. కరిగిస్తే నగ రూపము పోవును గనుక ఆ సౌకర్యము వర్తించదు. అట్టి తీర్పు అడిగినవారికే కట్టుబాటు. ఈ వ్యాపారము పెట్టదలచిన మన పిల్లలు తమ లెక్కలవారిని సంప్రదించి నడువవలెను. అయినా అందులోని తెలివి చూడండి: నగను నగగా నిలిపినవానికి చట్టము కూడ కొంత దారి ఇచ్చుచున్నది.

మరొక మాట. పాత నగ కొనువాడు అమ్మువారెవరో తెలిసికొని, రసీదు వ్రాసి కొనవలెను. దొంగ సొత్తని తెలిసి కొనుట నేరము. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 317వ విభాగములో ఆ సంగతి ఉన్నది. చౌకగా వచ్చినదని కళ్ళు మూసుకొంటే, ఏదో ఒక ఇంటి ఏడుపు మన అంగడిలోకి వచ్చినట్లే.

దొంగతనము ఇంటిలో కూడ జరుగును. దానిని మనము ఆ పేరుతో పిలువము. భార్య నగను ఆమెను అడుగకుండా కుదువ పెట్టుట, అమ్మ నగను "ఎలాగూ పెట్టుకోవడము లేదు కదా" అని అంగడికి పట్టుకొనిపోవుట మనకు తెలియనివి కావు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ విభాగము ప్రకారము స్త్రీ ఆస్తికి ఆమెయే పూర్తి హక్కుదారు. స్త్రీధనముగా వచ్చిన నగ అందులో చేరినదే. చట్టము లేకపోయినా న్యాయము అదే. ఆమె నోటితో "సరే" అన్న తర్వాతే నగ గడప దాటవలెను.

ఇవన్నీ చెప్పి మేము కోరేది ఒక్కటే: చీటీ. మా అమ్మ కమ్మలకు ఆ పెద్ద ఆచారి వ్రాసి ఇచ్చినవంటి చీటీ. మొత్తము తూకము ఎంత, రాళ్ళు ఎంత, లక్క ఎంత, బంగారము ఎంత, వన్నె ఎంత, ఎక్కడ అతికినాము, ఏ రాయి మార్చినాము, ఏది తెలియదు — ఈ ఎనిమిది సంగతులు వ్రాసి, తేదీ వేసి, చేవ్రాలు పెట్టి నగతోపాటు ఇవ్వవలెను. అమ్ము ఇల్లాలు అడిగి వ్రాయించుకోవలెను. బాగుచేయు ఆచారి అడుగకుండానే వ్రాయవలెను. కొను ఇల్లాలు చదివించుకోవలెను. చీటీకి బంగారము ఖర్చు కాదు, తరుగు లేదు.

పాత నగ మీద మోజు ఇప్పుడు నగరములలో పెరిగినది. మన పెద్దలు "పాత మోడలు" అని కరిగించిన కంటెలు, వంకీలు, బుగడీలు కావలెనని నేటి పిల్లలు వెదకుచున్నారు. కొత్త నగకు పాత రంగు పూసి పాతదని అమ్మువారును ఉన్నారు. ఈ సమయములో చేతిపని తెలిసిన మన ఊరి పిల్లలకు ఇది మంచి వృత్తి కాగలదు. కుంపటి పని నేర్చిన తండ్రి ఉంటే కొడుకు గాని కూతురు గాని ఆ విద్యను విడువక, దానికి తూకము లెక్క, రాళ్ళ పరీక్ష, చట్టము తెలివి జోడించుకోవలెను. వలస వచ్చిన చోట భూమి వెంట రాలేదు, బావి వెంట రాలేదు. చేతిలోని పని మాత్రమే వెంట వచ్చినది.

తల్లులారా, ఇంటికి వెళ్ళిన తర్వాత ఒక్కసారి పెట్టె తీయండి. అరిగిన మర, తెగిన తీగ, రాయి ఊడిన జూకా కనిపించును. వెంటనే అంగడికి పరుగెత్తవద్దు. అది ఎవరిది, ఎప్పుడు చేయించినది, ఎన్నిసార్లు కుదువకు పోయి తిరిగి వచ్చినది అని పెద్దలను అడిగి ఒక కాగితము మీద వ్రాయండి. నిలుపుకొన్నా, అమ్ముకొన్నా ఆ కాగితము దానితో ఉండనీయండి. అమ్ముకొన్నందుకు సిగ్గుపడనక్కరలేదు, కష్టకాలమున ఆదుకొనుటకే గదా పెద్దలు నగ చేయించినది. కొన్న అమ్మాయి దానిని పెట్టుకొని మన ఎదుటకు వచ్చినప్పుడు తలెత్తి చూచి "బాగున్నవి" అనగలిగితే చాలును.

అందరి ఇంట ఈ ఏడు ఆదాయము వ్యయమును మించవలెనని, కుదువకు పోయిన నగలన్నీ విడుదలై ఇల్లు చేరవలెనని కోరుచూ సెలవు తీసుకొనుచున్నాము.